ఎగువన తెగిన చెరువులు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సమ్మేళనంలో 1985 బ్యాచ్ విద్యార్థి, సివిల్ ఇంజనీర్ చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ముప్పై ఏళ్లుగా వంతెనలు, భవనాలు కడుతున్నావు కదా, మూసీ వంతెనల గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. సరేనన్నాను. కానీ రాసుకోవడానికి కూర్చుంటే మనసు వేరే చోటికి పోయింది. మూసీ గురించి మాట్లాడతాను, కాకపోతే చివర్లో. ముందు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. అది మన బ్యాచ్ గ్రూపులోనే జరిగింది. కాబట్టి మన వాళ్ల ముందే చెప్పడం న్యాయం.

అఫ్జల్‌గంజ్‌లో పెరిగిన పిల్లలకు ఉస్మానియా అంటే ముందు గుర్తొచ్చేది యూనివర్సిటీ కాదు, దవాఖానా. బడి నుంచి ఇంటికి పోయేటప్పుడు ఆ గుమ్మటాలు చూస్తూ నడిచేవాళ్లం. ఏడో నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనా అని నాకు ఇంజనీరింగ్ చదివేటప్పుడు తెలిసింది. అప్పట్లో మాకు తెలిసింది ఒక్కటే. ఊరి నుంచి ఎవరు జబ్బుపడి వచ్చినా మా ఇంట్లో దిగేవాళ్లు, పొద్దున్నే అమ్మ టిఫిన్ క్యారియర్ కట్టిచ్చేది, నేను తీసుకుపోయి వార్డులో ఇచ్చి బడికి పోయేవాణ్ని.

ఏడో తరగతిలో బడి మెట్ల మీంచి పడి కనుబొమ్మ చిట్లింది. డ్రిల్లు సారు నన్ను రిక్షాలో కూర్చోబెట్టుకుని ఆ దవాఖానా క్యాజువాలిటీకే తీసుకుపోయారు. హౌస్ సర్జన్ ఒకాయన, మహా అయితే ఇరవై మూడేళ్లుంటాయి, నాలుగు కుట్లు వేశాడు. నేను ఏడుస్తుంటే "రేపు బడికి పోకుంటే మంచిదే కదా" అని నవ్వించాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. సాయంత్రం మా నాన్న నన్ను వెంటబెట్టుకుని మళ్లీ అక్కడికి పోయి, ఆయన్ను వెతికి పట్టుకుని చేతులు జోడించాడు. మందులకో, కట్టుకో కాదు. ఊరికే, దండం పెట్టడానికి పోయాడు.

అలాంటి తండ్రికి పుట్టినవాణ్ని నేనేం చేశానో వినండి.

నిరుడు ఒక రాత్రి ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. నలభై సెకన్లు. ఏదో ఆస్పత్రి వరండా. ఒక మనిషి అరుస్తూ వచ్చి తెల్లకోటు వేసుకున్న కుర్రాడి చెంప మీద కొడతాడు. ఇంకొకరు వెనక నుంచి తోస్తారు. కుర్రాడు గోడకు ఆనుకుంటాడు. అక్కడితో అయిపోతుంది. ఏ ఊరు, ఏ తేదీ, ముందేం జరిగింది, ఏదీ లేదు. పైన ఒక ముక్క రాసి ఉంది: నిర్లక్ష్యం చేసిన డాక్టర్‌కు బంధువుల దేహశుద్ధి.

నేను కింద ఇలా రాశాను: "బాగా అయింది. ఇట్లా నలుగురికి పడితేగానీ బుద్ధి రాదు." రాసి మన బ్యాచ్ గ్రూపులో పెట్టాను. మా కాలనీ గ్రూపులో కూడా పెట్టాను. పది నిమిషాల్లో బొటనవేళ్లు, చప్పట్ల బొమ్మలు వచ్చిపడ్డాయి. ఒకాయన "మన డబ్బుతో చదువుకుని మన మీదే పెత్తనం" అన్నాడు. ఇంకొకాయన కార్పొరేట్ దోపిడీ గురించి పెద్ద వ్యాసమే రాశాడు. కొట్టింది తప్పు అని ఒక్కరూ అనలేదు. నేను హాయిగా పడుకున్నాను.

తెల్లారి ఆరింటికి మన బ్యాచ్ మిత్రుడొకడు ఫోన్ చేశాడు. గ్రూపులో ఎప్పుడూ ఒక్క ముక్క రాయడు. "అరేయ్, నిన్న రాత్రి నువ్వు పెట్టింది నా బిడ్డ చదివింది" అన్నాడు. వాడి కూతురు హౌస్ సర్జన్. నైట్ డ్యూటీకి పోతూ నాన్న ఫోన్‌లో ఏదో నంబరు వెతుకుతుంటే కనబడిందట. "ఏమన్నదిరా?" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఏమీ అనలేదు. నాన్నా, నాకు సీటొచ్చిన రోజు స్టెతస్కోపు కొనిచ్చిన అంకులేనా ఈయన, అని అడిగింది. అంతే. డ్యూటీకి పోయింది."

ఆ అంకుల్‌ని నేనే. కోఠీలో షాపుకి తీసుకుపోయి నేనే కొనిచ్చాను.

వెంటనే గ్రూపులో నా మాట తీసేశాను. కానీ అప్పటికే దాన్ని ఎంతమంది ఎన్ని గ్రూపులకు పంపారో నాకెలా తెలుస్తుంది? వారం తర్వాత మా మేనల్లుడు ఖమ్మం నుంచి అదే వీడియో నాకే పంపాడు. కింద ఉన్నది నా వాక్యమే, నా పేరు మాత్రం లేదు.

ఎందుకు రాశాను? ఇది చాలా రోజులు ఆలోచించాను. ఆ కుర్రాడెవరో నాకు తెలియదు. అతను తప్పు చేశాడో లేదో తెలియదు. మరి అంత కసి ఎక్కడి నుంచి వచ్చింది?

దానికి రెండేళ్ల ముందు మా నాన్నను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. రాత్రి రెండు గంటలకు ఐసీయూ బయట కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ చెప్పలేదు. బిల్లు కౌంటర్ నుంచి మాత్రం మూడుసార్లు పిలుపొచ్చింది. లోపల నుంచి ఒక చిన్న డాక్టర్ బయటికి వచ్చాడు. "మా నాన్న ఎట్లున్నాడు?" అన్నాను. "పెద్ద సార్ పొద్దున వచ్చి చెప్తారండి" అన్నాడు. నేను లేచి అతని కోటు కాలరు పట్టుకున్నాను. మా తమ్ముడు లాగకపోతే చెయ్యి కూడా లేచేది. నిజం చెప్పాలంటే సగం లేచింది.

ఆ కుర్రాడు అనలేదు, తర్వాత నర్సమ్మ చెప్పింది: ముందురోజు పొద్దున డ్యూటీ ఎక్కినవాడు అప్పటికీ దిగలేదట. ఆ అంతస్తులో ఆ రాత్రికి అతనొక్కడే. బిల్లు వేసింది అతను కాదు. రాత్రికి ఒక్కణ్ణే ఉంచాలని నిర్ణయించింది అతను కాదు. మాకు విషయం చెప్పకుండా ఇంటికి పోయిన పెద్ద డాక్టర్ అతను కాదు. వాళ్లెవరూ రాత్రి రెండింటికి నా చేతికి అందేంత దూరంలో లేరు. అతనున్నాడు.

రెండు రోజుల తర్వాత నాన్న పోయాడు. ఒక హౌస్ సర్జన్‌కి దండం పెట్టడానికి సాయంత్రం మళ్లీ నడిచిపోయిన మనిషి ఆయన. ఆయన పేరు చెప్పి నేను ఇంకొక హౌస్ సర్జన్ వయసు కుర్రాడి కాలరు పట్టుకున్నాను. క్షమాపణ చెప్పడానికి మళ్లీ పోలేదు. ఆ సిగ్గు లోపల కుళ్లి, నలభై సెకన్ల వీడియో కనబడగానే "బాగా అయింది" అని బయటికొచ్చింది. నేను చేసింది తప్పు కాదని నాకు నేను చెప్పుకోవడానికి ఆ చెంపదెబ్బ పనికొచ్చింది.

మిత్రులారా, ఇది నా ఒక్కడి కథ అయితే మీ సమయం తీసుకునేవాణ్ని కాదు. 2020 గుర్తు చేసుకోండి. మార్చి 22 సాయంత్రం అయిదింటికి మనమందరం బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టాం, పళ్లేలు మోగించాం. పది రోజులకే, ఏప్రిల్ 1న, మన గాంధీ ఆస్పత్రిలో కరోనాతో ఒక రోగి చనిపోతే బంధువు డాక్టర్ల మీద దాడి చేశాడు. దేశంలో ఇలాంటివి పెరిగి, ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. మే 3న వైమానిక దళం హెలికాప్టర్ అదే గాంధీ ఆస్పత్రి మీద పూలు చల్లింది. ఆ వీడియో మీరూ పంపారు, నేనూ పంపాను. జూన్ 9 రాత్రి అదే ఆస్పత్రిలో, మరో మరణం తర్వాత, జూనియర్ డాక్టర్‌ను కుర్చీతో కొట్టారు. పూలకూ కుర్చీకీ మధ్య అయిదు వారాలు.

అప్పుడు జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద కూర్చుని అడిగిందేమిటి? ఆస్పత్రుల్లో భద్రత ఒకటి. రెండోది, కరోనా రోగులందరినీ గాంధీకే పంపకుండా మిగతా ఆస్పత్రులకూ పంచమన్నారు. ఒక ఇంజనీరుగా ఆ మాట నాకు వెంటనే అర్థం కావాల్సింది. బరువంతా ఒకే స్తంభం మీద వేస్తున్నారు, పంచండి అని వాళ్లు అడిగారు. మనం వాళ్లు సమ్మె చేస్తున్నారా లేదా అన్నదే చూశాం.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టర్‌పై అత్యాచారం చేసి చంపినప్పుడు మన ఫోన్లన్నీ కొవ్వొత్తులతో నిండాయి. ఆగస్టు 17న దేశమంతా డాక్టర్లు ఒకరోజు పని ఆపారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. దాడి జరిగిన 6 గంటల లోపు సంస్థ అధిపతే ఎఫ్‌ఐఆర్ పెట్టించాలని కేంద్ర ఆరోగ్య శాఖ ఆదేశించింది. దాదాపు నెల తర్వాత, సెప్టెంబరులో, గాంధీ క్యాజువాలిటీలో ఒక రోగి మహిళా జూనియర్ డాక్టర్ మీద పడ్డాడు. ఆ సీసీటీవీ దృశ్యాలు మీలో చాలామంది చూసే ఉంటారు.

చట్టం లేదా అంటే ఉంది. మన ఉమ్మడి రాష్ట్రం 2008లోనే తెచ్చింది. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, ఆస్తి నష్టం చేస్తే దానికి రెట్టింపు కట్టాలి. చట్టం ఉన్నా దెబ్బలు ఆగలేదు. ఎందుకంటే కొట్టినవాడికి మనం వెనక నుంచి చప్పట్లు కొడుతున్నాం.

ఇక్కడ ఒక మాట. ఆస్పత్రుల మీద జనానికున్న కోపమంతా అబద్ధమని నేను అనడం లేదు. నా కోపంలో కూడా సగం న్యాయముంది. ఒక్క మాట చెప్పేవాడు లేక రాత్రంతా కూర్చున్నాం. బిల్లు చూసి గుండె ఆగే పరిస్థితి నిజం. ఇంకొకటి చూడండి. 1995లో సుప్రీంకోర్టు వైద్య సేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. కానీ అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి దాని కిందికి రాదు. అంటే డబ్బు కట్టిన నాకు ఫిర్యాదు చేయడానికి ఒక తలుపు ఎక్కువ ఉంది. పేదవాడికి ఆ తలుపు లేదు. ఆ తలుపు లేనివాడి కోపం ఎదురుగా ఉన్న మనిషి మీదికే పోతుంది. అన్ని తలుపులూ ఉన్న నేను కూడా అదే పని చేశాను. అది ఇంకా పెద్ద తప్పు.

ఇప్పుడు మూసీ దగ్గరికి వస్తాను.

1908 సెప్టెంబరు 28 వరద గురించి మన సోషల్ సారు ఈ బడిలోనే చెప్పారు. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి మునిగిపోయింది. ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు మనమందరం చూసిందే. తర్వాతి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన అఫ్జల్‌గంజ్‌లో నిలబడి నదిని తిట్టలేదు. పైకి పోయి చూశాడు. ఎగువన వందలాది చెరువులున్నాయి. ఆ వానకు రెండు వందలకు పైగా తెగాయి. పైది తెగి దాని నీళ్లు కిందిదాన్ని తెంపాయి, అది ఇంకా కిందిదాన్ని. అఫ్జల్‌గంజ్ చేరేసరికి అది వాన నీరు కాదు, తెగిన చెరువులన్నీ కలిసిన నీరు. అందుకే ఆయన చెప్పిన మందు కూడా ఊరి బయటే ఉంది. పైన పెద్ద జలాశయాలు కట్టి నీళ్లను అక్కడ ఆపమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి.

రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో నిలబడ్డ పిల్ల దగ్గరికి వచ్చే కోపం కూడా అలాంటిదే. మంచాలు చాలకపోవడం ఒక చెరువు. డాక్టర్ల కొరత ఒక చెరువు. పాత భవనం ఒక చెరువు. 2020 జూలై వానలకు ఉస్మానియా వార్డుల్లోకి నీళ్లొచ్చాయి, ఆ నెలలోనే పాత భవనం మూసేశారు. కొత్త ఆస్పత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. ఈ మధ్య కాలమంతా రోగులు తగ్గలేదు, చోటు తగ్గింది. 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మె చేసి అడిగిన వాటిలో ఈ కొత్త భవనం కూడా ఉంది. అన్నిటికంటే పెద్ద చెరువు, ఏం జరుగుతోందో ఇంటివాళ్లకు చెప్పే మనిషి లేకపోవడం. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి తెగి ఆ పిల్ల మీద పడుతున్నాయి. నేను ఆ వీడియో పంపిన రాత్రి నా ఫోన్ కూడా తెగిన చెరువే. మా మేనల్లుడిది నా కింది చెరువు.

ఇంకో ఉదాహరణ మన పేటలోదే. 2018 జూలైలో గౌలిగూడ బస్టాండు పాత హ్యాంగర్ కూలింది. నిజాం కాలం నాటిది. మనలో ఎంతమంది అక్కడ బస్సెక్కలేదు! ఒక్క ప్రాణం పోలేదు. కారణం, అది ఆగేలా లేదని ముందే గ్రహించి కొద్ది రోజుల కింద బస్సుల్ని, జనాన్ని బయటికి పంపేశారు. ఎవరో చెప్పారు, ఎవరో విన్నారు. అంతే. మా వృత్తిలో కట్టడం కూలితే కింద నిలబడ్డ మేస్త్రిని కొట్టి ఇంటికి పోము. బరువెంత, మోసే శక్తి ఎంత, పగులు ముందు ఎక్కడ కనబడింది అని లెక్క తీస్తాం. డాక్టర్ తప్పు చేస్తే కూడా లెక్క తీయాల్సిందే. దానికి సూపరింటెండెంటు ఉన్నాడు, మెడికల్ కౌన్సిల్ ఉంది, కోర్టు ఉంది. వాటికి కాగితం కావాలి, ఓపిక కావాలి. చెంపదెబ్బ వల్ల ఏ నిర్లక్ష్యమూ రుజువు కాదు. పైగా నిజంగా నిర్లక్ష్యం జరిగి ఉంటే, ఆ దెబ్బతో అది మరుగున పడిపోతుంది. మర్నాడు అందరూ దాడి గురించే మాట్లాడతారు, పోయిన ప్రాణం గురించి ఎవరూ అడగరు.

మరి మనమేం చేయగలం? మూడు చిన్న పనులు చెప్తాను.

మొదటిది, మన గ్రూపుల్లో ఇలాంటి వీడియో వస్తే మూడు ప్రశ్నలు అడుగుదాం. ఎక్కడ, ఎప్పుడు, ముందేం జరిగింది? మూడింటికీ జవాబు లేకపోతే ముందుకు పంపొద్దు. జవాబు ఉన్నా కొట్టడాన్ని మెచ్చుకోవద్దు. ఎవరైనా మెచ్చుకుంటే ఊరుకోకుండా "తప్పు" అని ఒక్క మాట రాయండి. ఆ రాత్రి ఒక్కరు అలా రాసినా నేను ఆగి ఉండేవాణ్ని.

రెండోది, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే పదిమంది పోయి పదిమందీ డాక్టర్ని అడగొద్దు. అడగడానికి, వినడానికి ఒకరిని పెట్టుకోండి. చెప్పింది కాగితం మీద రాసుకోండి. ఎన్ని గంటలకు ఎవరు వచ్చి చెప్తారో చేర్చిన రోజే అడగండి.

మూడోది మన సంఘం చేయాల్సింది. స్వర్ణోత్సవానికి ఏదైనా శాశ్వతంగా చేయాలని కమిటీ ఆలోచిస్తోందట. ఆర్చీ కడదామని కొందరు అంటున్నారు. నేను ఆర్చీలు కట్టే మనిషినే, అయినా వద్దంటాను. మన బడికి నడిచి పోయేంత దూరంలో దవాఖానా ఉంది. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఏ కౌంటరెక్కడో, రక్తపరీక్ష కాగితం ఎవరికివ్వాలో తెలియక తిరుగుతుంటారు. మనలో రిటైరైనవాళ్లు ఉన్నారు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ మాట్లాడేవాళ్లు ఉన్నారు. సూపరింటెండెంటు గారిని అనుమతి అడిగి, ఆదివారాలు ఇద్దరిద్దరం పోయి ఆ తోవ చూపించే పని చేద్దాం. వైద్యం మనకు రాదు. పక్కన కూర్చుని "కంగారుపడకు అమ్మా, లోపల చూస్తున్నారు, నేను కనుక్కుని వస్తా" అనడం వచ్చు. ఆ ఒక్క మాట ఆ రాత్రి నాకు ఎవరైనా చెప్పి ఉంటే నేను కాలరు పట్టుకునేవాణ్ని కాదు.

ఆఖరి మాట. ఫోన్ చేసిన నా మిత్రుడు ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు. ఆ తర్వాతి వారం నేను వాళ్లింటికి పోయాను. అమ్మాయి డ్యూటీ దిగి నిద్రపోతోంది. లేపొద్దన్నాను. గంటన్నర కూర్చున్నాను. లేచి వచ్చి "ఎప్పుడొచ్చారు అంకుల్?" అంది. చెప్పాల్సింది చెప్పాను. "సరే అంకుల్, టీ తాగుతారా?" అంది. అంతకంటే ఏమీ అనలేదు. క్షమించిందో లేదో నాకు తెలియదు, అడగలేదు. ఇవాళ రమ్మని పిలిచాను. డ్యూటీ ఉందట.

ఈ ఆదివారం అనుమతి కాగితం పట్టుకుని నేను దవాఖానాకు పోతున్నాను. నాతో వచ్చేవాళ్లు టీ విరామంలో పేరు రాయించండి. పుస్తకం గేటు దగ్గర బల్ల మీద పెట్టాను. మొదటి పేరు నాది.